నిమ్ము గోలీలతో ఆడిన సెమీస్

మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు పట్టుకుని వదలకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇంత రాయాలా అని అడగొచ్చు. మా ఇంట్లో ఆ ఒక్క ముక్క అనడానికి ఎవరికీ నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను. ఇప్పుడు నాకు జబ్బు లేదు. పోయిన బరువు తిరిగొచ్చింది, మెట్లెక్కితే ఆయాసం కొద్దిగానే. మనసులో చేదు మాత్రం దిగలేదు. ఓదార్పు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి నా దగ్గర పెద్దగా దొరకదు, ముందే చెబుతున్నాను.

మా నాన్నని మేం బాపు అంటాం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి కూలీగా దుబాయ్ వచ్చి, షార్జా పక్కన సజ్జాలో కూలీల క్యాంపు గదిలో ఏళ్ళు గడిపి, ఫుజైరాలో రాళ్ళ క్వారీలో ఫోర్‌మన్ అయ్యాక అమ్మనీ నన్నూ తెచ్చుకున్నాడు. నా బడి ఫుజైరాలో, డిగ్రీ షార్జాలో హాస్టల్లో ఉండి. కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో నేను మిడ్‌ఫీల్డ్ ఆడేదాన్ని. డిగ్రీ అయ్యేదాకా ఆడుకో, తర్వాత బంతి మాట ఎత్తొద్దని బాపు మొదటి ఏడాదే మాట తీసుకున్నాడు. నేనూ ఇచ్చాను.

2022 డిసెంబర్

కాలేజీల లీగు చలికాలంలో జరుగుతుంది. లీగు అయ్యాక పైనున్న నాలుగు జట్లకి విడిగా ఒక టోర్నమెంట్ పెడతారు, రెండు సెమీస్, ఒక ఫైనల్. మా కాలేజీ ఎప్పుడూ అడుగునే ఉండేది. మమ్మల్ని ఓడించి వెళ్ళడం మిగతా జట్లకి టీ తాగినంత పని. ఆ ఏడు మాత్రం వరసగా గెలుస్తూ పోయాం. మా గోల్‌కీపర్ సువార్త దానికి సగం కారణం. వాళ్ళది అమలాపురం వైపు, తండ్రి షార్జాలో డ్రైవర్, తల్లి లేడీస్ సెలూన్‌లో చేస్తుంది. ఇంట్లో చోటు చాలక తనూ హాస్టల్లోనే ఉండేది, ఇద్దరిదీ ఒకే గది. నాకు చివరి సంవత్సరం, తనకీ అంతే. ఆ టోర్నమెంట్ మా ఇద్దరికీ ఆఖరి ఆట, గెలిచినా ఓడినా ఆ తర్వాత ఏమీ లేదు.

దగ్గు అప్పుడే మొదలైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. పొద్దున లేస్తే దిండు తడిసి ఉండేది. హాఫ్ టైమ్ కాకముందే కాళ్ళు బరువెక్కేవి. మా కోచ్ హనాన్ మొరాకో ఆవిడ, కళ్ళు డేగ కళ్ళు. ఒకసారి పిలిచి క్యాంపస్ క్లినిక్‌లో చూపించుకోమంది. మా ఇల్లు క్వారీ పక్కన, దుమ్ము అలర్జీ అని చెప్పాను. ఫుజైరాలో మా వాడకట్టులో దగ్గనివాడు ఎవడు, అది అబద్ధంలా కూడా వినిపించలేదు.

సెలవులకి ఇంటికెళ్తే అమ్మ నా మెడ ఎముకలు చూసి గుడ్లు ఉడకబెట్టింది. బాపు మాత్రం దగ్గు విన్నాడు. టీవీ కట్టేసి మళ్ళీ విన్నాడు. కాసేపటికి నా చేత ఛాతీ మీద చెయ్యి పెట్టించి, నాలుక బయటపెట్టించి ఫొటోలు తీసి ఊళ్ళో మల్లేశం డాక్టరుకి వాట్సాప్‌లో పంపాడు.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. పక్క వీధిలో ఆసుపత్రి ఉన్నా మాకు జ్వరమొస్తే ఊళ్ళో ఆరెంపీ డాక్టరుకి ఫోన్ వెళ్తుంది. ఆయన ఫోన్లో, చెయ్యి పట్టుకోకుండానే నాడి చూస్తాడు. మందు ఊళ్ళోనే కట్టి, సెలవు అయిపోయి దుబాయ్ వస్తున్నవాడి సంచిలో మామిడికాయ తొక్కుతో పాటు పెట్టి పంపుతారు. పేరు లేని గోలీలు, కాగితం పొట్లాలు. పొద్దునది, రాత్రిది అని పొట్లం మీద గీతలుంటాయి. ఇక్కడి డాక్టర్లు ఊరికే రక్తం తీస్తారనీ, అన్నిటికన్నా ముఖ్యంగా వాళ్ళు చూసింది కంప్యూటర్లో పడుతుందనీ మా వాళ్ళ నమ్మకం.

నా వీసా ఏప్రిల్‌లో రెన్యూవల్‌కి ఉంది. అంటే మెడికల్, అంటే ఛాతీ ఎక్స్‌రే. సజ్జాలో బాపు గదిలోనే ఉన్న ఒకాయన కొత్తగా దిగి, మొదటి మెడికల్‌కి పోతే, ఎక్స్‌రేలో మచ్చ ఉందని ఊరికి తిప్పి పంపేశారట. పెట్టె సర్దుకోవడానికి కూడా మనిషి తోడొచ్చాడట. ఊళ్ళో ఆయన ఇంటికి బంధువులు పోవడం మానేశారు. ఆ కథ బాపు నా చిన్నప్పుడు నాలుగైదుసార్లు చెప్పాడు. కరోనా ఏడాది తనని దగ్గుతో పట్టుకెళ్ళి వేరే పెట్టినప్పటినుంచి ఆ భయం మరీ ముదిరింది. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు. మల్లేశం డాక్టరు కూడా పలకలేదు, ఛాతీలో నిమ్ము చేరిందన్నాడు.

బాపు వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. "నిమ్మే బిడ్డా, ఏం గాదు. గోలీలు గట్టి పంపిస్తుండు, గంగారాం తెస్తడు. మెడికల్ లోపట తక్కువైతది. గప్పటిదాంక ఎవ్వలకు జెప్పకు, కాలేజీల గిట్ల తెలిస్తే వీసా ఖలాస్, నీ ఆట గూడ ఖలాస్."

ఆ చివరి మాట ఆయన తెలిసే వేశాడు. నా ప్రాణం ఎక్కడుందో ఆయనకి తెలుసు.

2023 జనవరి

గంగారాం మామ బాపుతో పాటు క్వారీలో చేసేవాడు. తొక్కు డబ్బా కింద పొట్లాలు తెచ్చిచ్చాడు. తెల్ల గోలీలు, పసుపు గోలీలు, ఒక చిన్న గులాబీ గోలీ. మూడు రోజుల్లో జ్వరం మాయమైంది. ఆకలి ఎంతలా వేసిందంటే హాస్టల్ మెస్‌లో రెండోసారి ప్లేటు పట్టుకుంటే వడ్డించేవాడు నన్ను చూసి నవ్వేవాడు. బుగ్గలు నిండాయి. అమ్మ వీడియో కాల్‌లో చూసి, పోచమ్మకి మొక్కుకున్నాను, ఫలించిందని కళ్ళు తుడుచుకుంది. దగ్గు పూర్తిగా పోలేదు కానీ, ఒంట్లో ఏదో మోటరు పెట్టినట్టుండేది.

ఇంటికెళ్ళినప్పుడు పక్కింటివాళ్ళు వస్తే నాకు దగ్గు వచ్చిందంటే చాలు, అమ్మ వంటింట్లో మిక్సీ వేసేది. ఖాళీ మిక్సీ. దొంగకి తేలు కుట్టినట్టు ముగ్గురం ఆ చప్పుడు వింటూ కూర్చునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

ఫిబ్రవరి

నాలుగో స్థానంతో టోర్నమెంట్‌లోకి వచ్చాం. సెమీస్‌లో మాకు ఎదురు లీగులో మొదటి స్థానంలో ఉన్న జట్టు. వాళ్ళ గ్రౌండ్‌లో, సాయంత్రం లైట్లు వేశాక మొదలైంది. ఆడవాళ్ళకి మాత్రమే ప్రవేశం, స్టాండ్స్‌లో తల్లులూ చెల్లెళ్ళూ. సువార్త తల్లి సెలూన్ నుంచి సగం పని వదిలేసి వచ్చి కూర్చుంది. మా అమ్మ రాలేదు, వస్తే దగ్గు వినాల్సి వస్తుందని భయం.

ఆ రోజు నేను ఆడిన ఆట జీవితంలో ఎప్పుడూ ఆడలేదు. ఇది గొప్ప కోసం అనడం లేదు. మొదటి సగంలో వాళ్ళు ఒకటి కొట్టారు. రెండో సగంలో మా వాళ్ళు సమం చేశారు. అందరికీ నీరసం వచ్చే సమయానికి నాకు ఊపిరి పెరుగుతోంది. వాళ్ళ అమ్మాయిలు నడుముల మీద చేతులు పెట్టుకుని ఒగరుస్తుంటే నేను వాళ్ళ మధ్యనుంచి పరిగెడుతున్నాను. సువార్త ఒక గట్టి షాట్ ఆపి, లేచీ లేవగానే బంతి నా వైపు విసిరింది. మా సగంలోంచి తీసుకుని వెళ్ళాను. ఇద్దరిని దాటాను, మూడో అమ్మాయి పడింది, కొట్టాను. బంతి లోపలికి వెళ్ళడం చూశాను. ఆ తర్వాత సమయం అయిపోయేదాకా సువార్త ఏదీ లోపలికి రానివ్వలేదు.

ఇవాళ ఏం తిన్నావని కోచ్ హనాన్ అడిగింది. అమ్మ పంపిన తొక్కు అన్నాను. అందరూ నవ్వారు. ఆ రోజంత సంతోషం నాకు మళ్ళీ రాలేదు, వస్తుందన్న ఆశ కూడా లేదు.

మార్చి

ఫైనల్‌కి వారం గడువుంది. ఆ వారంలోనే పొట్లాలు అయిపోయాయి. కొత్తవి తెచ్చేవాడు టికెట్ మార్చుకున్నాడు. గోలీలు ఆగిన రెండో రోజే మంచం దిగడం కష్టమైంది. అయినా ప్రాక్టీసుకి వెళ్ళాను. కడుపు పట్టుకుని వంగి దగ్గుతుంటే నోట్లో ఇనుప రుచి వచ్చింది, పచ్చిక మీద ఎర్రగా పడింది. చుట్టూ ఉన్న అమ్మాయిలు ఒక అడుగు వెనక్కి వేయడం నాకు బాగా గుర్తుంది. సువార్త మాత్రం ముందుకొచ్చి నా జుట్టు పట్టుకుంది.

కోచ్ హనాన్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తన కారులో ఎక్కించుకుని, నేను దారంతా ఏడుస్తుంటే కుడి చేత్తో నా చెయ్యి పట్టుకుని నడిపింది. ఆ రోజు నాకు దొరికిన దయ ఆ ఇద్దరిదే. ఆసుపత్రిలో మాస్కు వేసి, ఒకదాని తర్వాత ఒకటి రెండు తలుపులున్న విడి గదిలో పెట్టారు. కఫం, రక్తం, ఎక్స్‌రే. పాకిస్తానీ డాక్టరమ్మ వచ్చి టీబీ అని మామూలుగా చెప్పింది. ఇన్నాళ్ళు ఎవరూ పలకని మాటని ఆవిడ వేళెంతయిందో చెప్పినట్టు చెప్పేసింది.

బాపు ఫుజైరా నుంచి వచ్చాడు. పని బట్టల్లోనే వచ్చాడు, బూట్ల నిండా తెల్ల దుమ్ము. గాజు తలుపు అవతల నిలబడి డాక్టరమ్మని మొదట అడిగింది నా గురించి కాదు. "డాక్టర్ సాబ్, ఈమె వీసా ఖలాసా?" అని ఉర్దూలో అడిగాడు. నాకు వినపడింది.

ఆవిడకి మొదట ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ చూపించి కూర్చోబెట్టి చెప్పింది. కొత్తగా దిగినవాళ్ళ సంగతి వేరట, ఇక్కడే ఏళ్ళుగా ఉంటున్న పిల్లని ఎవరూ పంపరట, వైద్యం చేస్తారు, వీసా కూడా వైద్యం చూసి ఇస్తారు. దగ్గు మొదలైనప్పుడే వచ్చి ఉంటే ఊపిరితిత్తి ఇంత పాడయ్యేది కాదని కూడా అంది. తర్వాత ఇంతకుముందు ఏం మందులు వాడారని అడిగింది. బాపు అక్కడినుంచే మల్లేశం డాక్టరుకి ఫోన్ చేశాడు. శక్తి గోలీలేనని జవాబు వచ్చింది. పేరు చెప్పమంటే లైన్ కట్టయింది.

పేరు లేకపోయినా నా ఉబ్బిన ముఖం చూసి డాక్టరమ్మ తెలుసుకుంది. ఆ గులాబీ గోలీ స్టెరాయిడ్ అయి ఉంటుందట. రోగాన్ని అది ముట్టుకోదు, ఒంట్లో కాపలా ఉన్నవాణ్ణి పడుకోబెడుతుంది. మనిషికి బాగున్నట్టే ఉంటుంది, ఆకలేస్తుంది, హుషారొస్తుంది, లోపల జబ్బు ఇల్లంతా దోచుకుంటుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అమ్మ ఊరికే అనే సామెత. ఆ రోజు తర్వాత ఆమె ఆ సామెత మానేసింది.

మర్నాడు జట్టు మొత్తాన్నీ పరీక్షలకి పిలిచారు. ఒకే బస్సు, ఒకే డ్రెస్సింగ్ రూము. ఫలితాలు వచ్చేదాకా ఎవరూ ఆడకూడదని కాలేజీ చెప్పింది. ఫైనల్ తేదీ మార్చడం కుదరదని టోర్నమెంట్ వాళ్ళు చెప్పారు. అవతలి జట్టు వచ్చి, గ్రౌండ్‌లో నిలబడి, ఆడకుండానే కప్పు తీసుకుని వెళ్ళింది. ఫోన్లో ఆ ఫొటో చూశాను. అదే రోజు జట్టు వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. ఎవరు తీశారో కూడా కనిపిస్తుంది, ఆ పేరు ఇక్కడ రాయను.

నా వల్లే ఫైనల్ పోయిందని వాళ్ళు అనుకుంటారు. కొందరు నా ముఖం మీదే అన్నారు. నేను ఒప్పుకోను. నాకున్న జబ్బు పేరు నాకు ఎవరూ చెప్పలేదు, నేను మింగేది ఏమిటో మింగించినవాళ్ళకే తెలియదు. దీనికి తప్పు వెతకాలంటే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, ముందు వాళ్ళని వరసలో నిలబెట్టండి.

ఆ ఎండాకాలం

చికిత్స ఆరు నెలలు. మొదటి మందులకి మూత్రం నారింజ రంగులో వచ్చింది, ఏ తిండి చూసినా వాంతి. తర్వాత నెలనెలా ఆసుపత్రికి వెళ్ళి కూర్చోవడం. అక్కడి వెయిటింగ్ రూములో ఎవరూ ఎవరి పక్కనా కూర్చోరు, మధ్యలో ఒక కుర్చీ వదులుతారు. అందరికీ ఒకటే జబ్బైనా అంతే. ఊడ్చే ఆవిడ నాగమణి, రాజోలు మనిషి, ఒక్కతే నా పక్క కుర్చీలో కూర్చునేది. కాళ్ళు నొప్పులమ్మా అంటూ కూర్చుని తన డబ్బాలో పెరుగన్నం మూతలో పెట్టి ఇచ్చేది. తినకపోతే నా తల్లి ఎంత ఏడుస్తుందో వర్ణించేది. భయం లేదా అని అడిగితే, నీకంటే ముందు చాలామందిని చూశాలే తినమంది. ఆవిడ ఎదురుగా రెండు ముద్దలు దిగేవి.

ఇంట్లో అమ్మా బాపూ మాట్లాడుకోవడం మానేశారు. ఒకసారి అన్నం పెడుతూ అమ్మ, నీ మల్లేశాన్నే వచ్చి వడ్డించమను అంది. బాపు తినకుండా లేచిపోయాడు. ఊళ్ళో మల్లేశం డాక్టరు మాత్రం, దుబాయ్‌లో ఉన్న పిల్లని తన మందే ఆసుపత్రి దాకా నిలబెట్టిందని చెప్పుకుంటున్నాడట. ఆ మాట గంగారాం మామ చెబితే బాపు కాదనలేదు.

సువార్తకి పరీక్షలో జబ్బు రాలేదు, కానీ క్రిములు ఒంట్లో చేరాయని తేలింది. జబ్బుగా మారకుండా నెలల తరబడి మందు మింగాలన్నారు. గదిలో అంటుకుందో, బస్సులోనో ఎవరు చెప్పగలరు. వాళ్ళమ్మ మా అమ్మకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టింది. మా అమ్మ మొత్తం విని, పెట్టేసి, స్నానానికి వెళ్ళి చాలాసేపు నీళ్ళు వదిలేసింది.

జులైలో సువార్త ఫుజైరాలో మా ఇంటికి వచ్చింది. నాకు అప్పటికి మాస్కు అక్కర్లేదన్నారు, అయినా పెట్టుకున్నాను. తను నా మంచం మీద కాకుండా కిటికీ దగ్గర నిలబడింది. ఏమేం మందులు, ఎలా ఉంది అని రెండు వైపులా అడిగేశాక ఇంకేమీ మిగల్లేదు.

"కోపం లేదని చెబుదామనే వచ్చానే," అంది చివరికి. "బస్సులో దారంతా అదే అనుకుంటా వచ్చాను. నిన్ను చూశాక అది అబద్ధమైపోద్దని తెలిసింది. నా ఆఖరి ఆట అదేనని నీకు తెలుసు గదా. గదిలో పక్క మంచం నాది. ఒక్క ముక్క నాకు చెప్పుంటే నేనెవరికి చెబుతానే?"

ఎవరికీ చెప్పొద్దన్నారని అన్నాను. ఆ ‘ఎవరికీ’లో నేనూ ఉన్నానా, అంది. తను మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళింది. తర్వాత పండగలకి మెసేజ్‌లు పెట్టుకుంటున్నాం, అంతే.

2024

మందులు అయిపోయాయి, ఎక్స్‌రేలో మచ్చ మిగిలింది. ఆ మచ్చ ఎప్పటికీ ఉంటుందట, ప్రతి మెడికల్‌లోనూ కాగితాలు చూపించుకోవాలి. డిగ్రీ ఒక సెమిస్టర్ ఆలస్యంగా ముగిసింది. పోయినేడు వైద్యం షరతు మీద ఇచ్చిన వీసా ఈసారి ఏ ఆంక్షా లేకుండా వచ్చింది. బాపు ఆనందం పట్టలేక ఒక శుక్రవారం మధ్యాహ్నం క్వారీ వాళ్ళని భోజనానికి పిలిచాడు. గంగారాం మామ, ఇంకో నలుగురు. మటన్, బగారా అన్నం. అమ్మ కూడా చాలా నెలల తర్వాత ఆయనతో మామూలుగా మాట్లాడింది.

తిన్నాక బాపు ఫోన్ తీసి టీవీకి కలిపాడు. నాకు తెలియకుండా కోచ్ దగ్గర అడిగి తెప్పించుకున్నాడట, సెమీస్ వీడియో. గోల్ దగ్గరికి జరిపి పెట్టాడు. ఆట అంటే మొహం ముడుచుకునే మనిషి, మా బిడ్డ అంటూ వేలు పెట్టి చూపిస్తున్నాడు. తెర మీద ఉబ్బిన బుగ్గల పిల్ల ఒకతి పరిగెడుతోంది. ఇద్దరిని దాటింది, కొట్టింది, మోకాళ్ళ మీద కూలబడింది. అటు చివరనుంచి సువార్త గోల్ వదిలేసి మైదానమంతా పరిగెత్తి వచ్చి నా మెడ చుట్టూ చేతులేసింది. ఇద్దరం ముఖంలో ముఖం పెట్టి నోరారా నవ్వుతున్నాం. నేను దగ్గుతున్నట్టు కూడా కనిపిస్తోంది, అది నవ్వే అనుకోవచ్చు.

"బాపూ, బంద్ చెయ్యి," అన్నాను. "గా ఉరుకుడు నాది గాదు. గోలీలది."

గంగారాం మామ తల దించుకున్నాడు. బాపు నా వైపు తిరగలేదు.

"ఏ గోలీలైతేంది బిడ్డా," అన్నాడు, తెర వైపే చూస్తూ. "గెలిచినవ్ గదా."

అందరూ అవునన్నారు. ఆయన వీడియోని వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాడు. జబ్బు దాచినందుకు ఆయన్ని నేను ఎప్పుడో క్షమించాను, ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఈ మాటకి మాత్రం ఇంకా క్షమించలేదు.